సాంచాల చప్పుడులో ఆయన సన్నిధి

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి చూసి, ఎముక అతుక్కుంది, ఇంట్లో ఉన్నప్పుడు నడుంపట్టీ తీసేయొచ్చు అన్న మర్నాడు ఇది రాయడం మొదలుపెట్టాను. ఎక్కువసేపు కూర్చోలేను. కొంచెం రాసి, కొంచెం పడుకుని, మళ్ళీ రాస్తున్నాను. మా చర్చి సంఘంలోని ఆడవాళ్ళు దేవుడు నిన్ను ఎట్లా బాగుచేశాడో చెప్పమని అడుగుతూనే ఉన్నారు. ప్రతిసారీ సగం చెప్పి ఆగిపోతున్నాను. మిగతా సగం నోటితో చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నడుం నొప్పిని నెట్టుకుంటూ, సాయంత్రం వచ్చే జ్వరానికి ఒక గోలీ మింగి, మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చునే ఆడవాళ్ళు మా పేటలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరైనా దీన్ని చదివి డాక్టరు దగ్గరికి వెళ్తే చాలు.

మాది మహారాష్ట్రలోని షోలాపూర్, దాజీ పేట్. నేను పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. మా నాన్న తెలుగు చర్చిలో బెంచీలు తుడిచి, ఆదివారం గంట కొట్టేవాడు. నాకు సలోమి అని పేరు పెట్టాడు. నేను ఇష్టపడి పెళ్ళి చేసుకున్నది పద్మశాలి ఇంటి అబ్బాయి శ్రీనివాస్‌ని. పెళ్ళి మాటలప్పుడు మా అత్తమ్మ రాజవ్వ నన్ను పక్కకు పిలిచి ఒక్కటే మాట అడిగింది.

"నీ దేవున్ని నువ్వు మొక్కుకో, నా దేవున్ని నేను మొక్కుకుంట. అన్నం మాత్రం ఒక్క కుండల తిందం. బరోబరేనా?"

బరోబరే అన్నాను. అప్పటి నుంచి ఆ మాట మీదే ఇద్దరం బతికాం. సలోమి అనే పేరు ఆమె నోరు తిరగక సాలమ్మ అయింది. ఆదివారం నేను చర్చికి వెళ్ళివచ్చేసరికి ఆమె వంట చేసి ఉంచేది. ఆమె ఉపవాసాల రోజు నేను సాబుదాణాకు సగ్గుబియ్యం నానబెట్టేదాన్ని.

ఇంటి ముందు గదిలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు ఉన్నాయి. మా ఆయన, ఒక పనివాడు వాటి మీద టవాళ్ళు నేస్తారు. వెనక గదిలో మా కాపురం. మధ్యలో ఒక గోడ, ఒక తలుపు. సాంచాలు నడుస్తున్నంతసేపు వెనక గదిలో గిన్నెలు కూడా సన్నగా వణుకుతాయి. ఎవరితోనైనా మాట్లాడాలంటే దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాలి. నేను ఆ గదిలోనే మిషన్ పెట్టుకుని టవాళ్ళ అంచులు కుట్టేదాన్ని.

నొప్పి ఎండాకాలంలో మొదలైంది. మిషన్ తొక్కే ప్రతి ఆడదానికీ నడుం నొస్తుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. వీపు మధ్యలో ఎవరో బొటనవేలితో అదిమినట్టు ఉండేది. బామ్ రాసుకున్నాను. ఎముకలు సర్దే ఒకాయన దగ్గరికి వెళ్తే వీపు మీద మోకాలు పెట్టి నొక్కాడు. ఆ తర్వాత నొప్పి ఇంకా పెరిగింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. అన్నం సయించేది కాదు. జాకెట్లు వదులవుతుంటే మా బిడ్డ అనూష, "మమ్మీ, సన్నగ అయితున్నవ్, మంచిగుంది" అని నవ్వింది. నేనూ నవ్వాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున నల్లా నీళ్ళు వచ్చాయని బిందె ఎత్తబోయాను. నడుం కింద నుంచి కాళ్ళు నావి కాకుండా పోయాయి. పడ్డానని తెలిసింది గానీ కాళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. మా అత్తమ్మ బిందె తీసి పక్కకు పెట్టి, నా తల ఒళ్ళో పెట్టుకుని, సాంచాల గదికి వెళ్ళమని అనూషను పంపింది.

ఆసుపత్రి వరండాలో ఆ రోజంతా స్ట్రెచర్ మీద పడుకుని ఉన్నాను. పడుకున్నవాళ్ళకు ఆసుపత్రి వేరుగా కనబడుతుంది. కనబడేదంతా పైకప్పు, ఫ్యాను, వంగి చూసి వెళ్ళిపోయే ముఖాలు. నా మీద ఉన్న ఫ్యాను తిరగడం లేదు. పక్క బెంచీ మీద బురఖా వేసుకున్న ఒక పెద్దామె తన మనవరాలి కోసం వచ్చి కూర్చుంది. ఏమీ అడగకుండా నా ఎక్స్‌రే కవరు తీసుకుని దాంతో నాకు విసరడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి నొస్తే ఇంకో చేత్తో విసిరింది. వాళ్ళ పేరు పిలిచినప్పుడు లేచి, కవరు మా అత్తమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది. ఆమె ఎవరో ఇప్పటికీ తెలియదు.

వెన్నెముకకు టీబీ అన్నారు. అది ఎముకను తినేసిందనీ, చీము నరాల మీద ఒత్తుతోందనీ చెప్పారు. డాక్టరు మరాఠీలో నెమ్మదిగా అన్న మాటలు మా ఆయన నాకు తెలుగులో చెప్పాడు. "మందులు టైముకు మింగాలె. వెల్లకిల పండుకోవాలె. నీ అంతట నువ్వు లెవ్వొద్దు, కూసోవద్దు. లేస్తే కాళ్ళు మొత్తానికి పోతయట." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఇంటికి తీసుకొచ్చి వెనక గదిలో మంచం వేశారు. సాంచాలు నడవగానే ఆ అదురు నేలలోంచి మంచం కోళ్ళకు, అక్కడి నుంచి నా వెన్నుకు పాకింది. నేను పళ్ళు బిగపట్టడం చూసి మా ఆయన బయటికి వెళ్ళాడు. పాత టైరు ముక్కలు కోసి తెచ్చి ఒక్కో కోడు కింద రెండేసి పెట్టాడు. దూది పింజ గదిలోకి రాకుండా మధ్య తలుపు మూసేశాడు. ఆయన ప్రేమ ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. మాట ఉండదు.

టీబీ అన్న మాట పేటలో పాకింది. ఇది అంటుకునే రకం కాదని డాక్టరు చెప్పినా, చూడడానికి వచ్చినవాళ్ళు గడప దగ్గరే నిలబడేవారు. మా ఆయన మేనత్త వచ్చి, ఇంటి దేవునికి దీపం పెట్టని కోడలు వస్తే ఇట్లనే అయితది అంది. ఆ వారమే మా చర్చి నుంచి ఒకావిడ వచ్చి, విశ్వాసం గట్టిగా ఉంటే ఈపాటికి లేచి నడవాలి, హృదయంలో ఏదో దాచావేమో చూసుకో అంది. ఇద్దరూ వెళ్ళాక గోడ వైపు ముఖం తిప్పుకుందామన్నా తిప్పుకునే వీలు లేదు. పైకప్పునే చూస్తూ ఏడ్చాను. కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి. మా అత్తమ్మ కొంగుతో చెవులు తుడిచింది.

"ఇద్దరికీ దేవుని సంగతి మస్తు తెలుసు. మలమూత్రం తీయమంటె ఒక్కతి రాదు," అంది.

ఆ పని ఆమే చేసింది. బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా పక్కలకు జరపడం, అన్నం పిసికి నోట్లో పెట్టడం అన్నీ చేసింది. సిగ్గుతో నేను కళ్ళు మూసుకునేదాన్ని. "నీ మొగన్ని పెంచిన చేతులే ఇవి, కాళజీ వద్దు, ఫికరు పడకు" అనేది. రాఖీ పున్నమ నాడు పద్మశాలీల దేవుడు మార్కండేయుని రథం వెళ్తుంటే పేటంతా వీధిలోకి పోయింది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఆ రథం ముందు కొబ్బరికాయ కొట్టని ఏడాది లేదు. నన్ను ఒక్కదాన్ని వదిలి పోనని మంచం పక్కనే కూర్చుంది. డోళ్ళ చప్పుడు దగ్గరికి వచ్చినప్పుడు కూర్చున్న చోటే చేతులు జోడించింది. తర్వాత నన్ను అడిగింది.

"సాలమ్మా, నీకోసం నేను మా దేవుని దగ్గర మొక్కుకున్న. నీ ప్రభువుకు కోపమొస్తదా?"

"రాదు అత్తమ్మా," అన్నాను.

అప్పటికే నేను ప్రార్థన చేయడం మానేశాను. ఇది ఎవరికీ తెలియదు. మొదటి వారాల్లో చేశాను, బతిమాలాను. మందులకు కడుపులో తిప్పి, నోరంతా చేదై, ఎంత పడుకున్నా నిద్ర కాని మత్తులో ఉండి ఉండి మాటలు అయిపోయాయి. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన కీర్తనలు కూడా మధ్యలోనే తెగిపోయేవి. ప్రభువు సన్నిధిలో సంతోషం ఉంటుందని మా నాన్న చర్చి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట గుర్తొస్తే నాకు నాన్న మీద కోపం వచ్చేది. పెదాలు మాత్రం అలవాటుగా కదిలేవి. అది చూసి మా అత్తమ్మ నేను ప్రార్థన చేస్తున్నానని అనుకుని చప్పుడు చేయకుండా ఉండేది.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం. అనూష కాలేజీకి వెళ్ళింది. మా ఆయన, పనివాడు అన్నాలు తిని మళ్ళీ సాంచాలు నడిపిస్తున్నారు. మధ్య తలుపు మూసి ఉంది. అత్తమ్మ తడిగుడ్డతో నా కాళ్ళు తుడుస్తూ ఆగిపోయింది. గుడ్డ గిన్నెలో వేసి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నా తల దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుంది.

"పిత్తమైనట్టుంది. జరంత సేపు కూసుంట," అంది నా చెవి దగ్గర.

ముఖం నిండా చెమట. ఆ చలిలో ఆ చెమట చూసి నాకు అర్థమైంది. మా ఆయనను కేకేశాను. అనూష ఇంట్లో లేదని తెలిసి కూడా అనూష అని కేకేశాను. గోడ అవతల సాంచాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. చేతికందిన స్టీలు గ్లాసు తలుపు మీదికి విసిరాను. అది తలుపుకు తగిలి కింద పడింది. పడ్డ చప్పుడు కూడా వినబడలేదు. మళ్ళీ అరిచాను. చివరికి మోచేతులు ఆనించి లేవబోయాను. అత్తమ్మ చెయ్యి చాపి నా పొట్ట మీద పెట్టి అదిమింది. ఆ స్థితిలో ఆమెకు అంత బలం ఎక్కడిదో తెలియదు.

"లెవ్వకు. డాక్టరేం జెప్పిండు? నువ్వు పడితివంటె నేను ఇన్ని దినాలు జేసిందంత మట్టిల కలుస్తది."

"అత్తమ్మా, ఎవరికీ ఇనబడ్తలేదు," అని ఏడ్చాను.

ఆమె తల మంచం పట్టె మీద, నా చెయ్యి పక్కన ఆనించింది. కాసేపు ఊపిరి పీల్చుకుని, "నీ దేవున్ని పిలువు. ఆయనకు ఇనబడ్తది. రోజు నోట్లోనె అనుకుంటవ్ గద, ఇయాల పెద్దగ చెయ్యి. నేను ఇంట," అంది.

నా దగ్గర ప్రార్థన లేదని ఆమెకు ఎట్లా చెప్పను. ఆమె తల మీద చెయ్యి పెట్టాను. "ప్రభువా" అన్నాను. తర్వాత ఏమీ రాలేదు. మళ్ళీ ప్రభువా అన్నాను. "ఇంటున్న" అంది ఆమె. అంతే, ఆ ఒక్క మాటే చెబుతూ పోయాను. ఆమె కోసం పెద్దగా, ఆ చప్పుడులో, పిచ్చిదానిలా.

ఇక్కడి నుంచే నేను ఎవరికీ చెప్పలేకపోయిన సగం.

ఆ గదిలో మా ఇద్దరితో పాటు ఇంకొకరు ఉన్నారని తెలిసింది. కళ్ళకు ఏమీ కనబడలేదు. స్వరం వినబడలేదు. సాంచాలు ఆగలేదు, నా నడుం నొప్పి తగ్గలేదు, అత్తమ్మ చెమట ఆరలేదు. చిన్నప్పుడు క్రిస్మస్ ఆరాధనలో నేను బెంచీ మీద నిద్రపోతే నాన్న భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. సగం మెలకువలో, కళ్ళు తెరవకుండానే, నాన్న మోస్తున్నాడని తెలిసేది. ఇల్లు ఎంత దూరమో పట్టేది కాదు. ఆ మధ్యాహ్నం అట్లాగే ఉంది. నన్నూ ఆమెనూ కలిపి ఎవరో మోస్తున్నారు. నా భయం పోలేదు, దాని కింద ఇంకేదో వచ్చి చేరింది. ఎన్నో నెలలుగా ఎండిపోయిన చోట నీళ్ళు ఊరినట్టు. ఎంత ఆలోచించినా దానికి సంతోషం అన్న పేరే దొరుకుతోంది. మా అత్తమ్మ ప్రాణం పోతున్న గంటలో నాకు సంతోషం కలిగిందని ఎవరి ముందు అనగలను? అయినా అదే నిజం. ఏడుస్తూనే ఉన్నాను, ఆ సంతోషమూ ఉంది. ఒకటి రెండోదాన్ని తోసేయలేదు.

అత్తమ్మ ముఖం నా వైపు తిప్పింది. నొసటి ముడతలు విడిపోయాయి. "ఇంక చెయ్యి" అంది. నేను చేశాను. ఆమె తల నా చేతి మీద బరువెక్కింది.

ఎంతసేపో తెలియదు. కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు గోడ దాటి వెళ్ళింది. మా ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని రిక్షా కోసం వీధిలోకి పరిగెత్తాడు. దవాఖానలో చెయ్యి పట్టి చూసి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

సాయంత్రానికి వాకిట్లో జనం నిండారు. ఆమెకు స్నానం చేయించి, కొత్త చీర కప్పి బయటే పడుకోబెట్టారు. నేను లోపల మంచం మీద ఉన్నాను. ఏడుపులు వినబడుతున్నాయి. ఆమె కనబడటం లేదు. ఇంటి పెద్దలు ఇక లేపుదామంటుంటే మా ఆయన గొంతు విన్నాను.

"ఒకసారి లోపలికి తీసుకపోవాలె. సాలమ్మ చూడాలె."

బయట పెట్టినామెను మళ్ళీ గడప లోపలికి తేవడం పద్ధతి కాదని ఆయన చిన్నాయన అన్నాడు. జబ్బు మనిషి ఉన్న గది అని ఇంకెవరో అన్నారు.

"ఆమె లేచి రాలేదు. మా అమ్మనే పోతది. ఇన్ని నెలలు పోయినట్టే," అన్నాడు మా ఆయన.

నలుగురు మోసుకొచ్చి మంచం పక్కన దించారు. నేను చెయ్యి చాపితే ఆమె చెంప అందింది. చల్లగా ఉంది. తల దువ్వింది ఎవరో గానీ, ఆమె ఎప్పుడూ దువ్వుకునే తీరుగా లేదు. నేను వేళ్ళతో సర్దాను. అనూష నా మంచం కోడు పట్టుకుని నిలబడింది. తర్వాత ఆమెను తీసుకెళ్ళారు.

దినాలయ్యే వరకు సాంచాలు నడవలేదు. నా జీవితంలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో ప్రభువు సన్నిధి కోసం ఎంతో వెతికాను. దొరకలేదు. అత్తమ్మ లేకపోవడం ఒక్కటే దొరికింది. పొద్దున ఒళ్ళు తుడిచే వేళకు నా కాళ్ళు ఎదురుచూసేవి. విడీ ఘర్కుల్ కాలనీలో ఉంటూ బీడీలు చుట్టే మా సంఘం దీనక్క ఆ కబురు విని వచ్చింది. అప్పటి నుంచి రోజూ తన ఆకు పని ముగించుకుని, బస్సెక్కి వచ్చి, అత్తమ్మ చేసినవన్నీ చేసింది. ప్రార్థన చేద్దామని ఒక్కసారీ అనలేదు. గోళ్ళు కత్తిరించింది. అనూషకు జొన్నరొట్టె తట్టడం నేర్పింది. ఒకరోజు నేను ఏడుస్తుంటే, "ఏడువు, నేను పోయే బస్సుకు ఇంక టైమున్నది" అని పక్కన కూర్చుంది.

మా ఆయన సాంచాలు మళ్ళీ నడిపాడు. కానీ మధ్య తలుపు ఇక మూయలేదు. దూది పింజ పడకుండా తడిబట్ట కట్టాడు. గుండీ నొక్కితే ఆయన సాంచా పక్కన ఎర్ర బల్బు వెలిగేట్టు నా మంచానికి తీగ లాగాడు. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం ఏమీ అడగలేదు. తల్లి పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. రాత్రి అన్నం సగంలో వదిలేసేవాడు. ఆయన లోపల ఏం నడుస్తోందో నాకు అర్థమవుతూనే ఉంది. అడగని మనిషికి ఎట్లా చెప్పాలో తెలియలేదు.

మళ్ళీ ఎండలు ముదిరాక డాక్టరు నన్ను లేపి కూర్చోబెట్టాడు. గది అంతా తిరిగింది. తర్వాత నడుంపట్టీ, వాకరు, గోడ పట్టుకుని అడుగులు. కాళ్ళు తిరిగి వచ్చాయి, పూర్తిగా కాదు. ఎడమ పాదం ఇప్పటికీ నేలను సరిగ్గా పోల్చుకోదు.

మొదటిసారి చర్చికి మా ఆయనే రిక్షాలో తీసుకెళ్ళాడు. ఎప్పటిలాగే లోపలికి రాకుండా ఆవరణలో రేకుల షెడ్డు కింద కూర్చున్నాడు. పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నన్ను లేపాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అక్కడితో ఆగిపోయి కూర్చున్నాను. ఆ మధ్యాహ్నంలాంటిది నాకు మళ్ళీ జరగలేదు. కొన్ని ఆదివారాలు పాటలో సన్నగా తాకి పోతుంది. ఎక్కువసార్లు ఏమీ ఉండదు, ఉన్నాడన్న ఎరుక తప్ప. దాంతోనే బతుకుతున్నాను. జబ్బుపడ్డవాళ్ళకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే. నోట్లో ప్రార్థన లేనంత మాత్రాన ఆయన లేనట్టు కాదు.

ఆరాధన అయ్యాక షెడ్డు కిందికి వచ్చి మా ఆయన పక్కన బెంచీ మీద మెల్లగా కూర్చున్నాను. రిక్షా ఇంకా రాలేదు. ఆయన నేల చూస్తూ అడిగాడు.

"ఆ దినం నన్ను పిలిచినవా?"

"పిలిచిన."

"ఇనబడలే."

"తెలుసు. సాంచాలు నడుస్తుండె గద."

"పక్క గదిలనే ఉంటిని. మా అమ్మ ఎవ్వరు లేక, ఒక్కతే పోయిందని..." అని ఆపేశాడు.

"ఒక్కతే లేదు," అన్నాను. "నా చేతి మీదనే తల పెట్టుకున్నది. నేనుంటి. ఇంకొకరు గుడ ఉండె."

ఎవరని ఆయన అడగలేదు. "ఏం జరిగిందో చెప్పు" అన్నాడు. తడిగుడ్డ గిన్నెలో వేసిన దగ్గర నుంచి, ఆమె నన్ను లేవనీయకుండా అదిమింది, నీ దేవున్ని పిలువమన్నది, నేను ఒక్క మాటే పలికింది, ఆమె ఇంటున్న అన్నది, నాకు కలిగిన సంతోషం, ఆమె నొసటి ముడతలు విడిపోవడం, అన్నీ చెప్పాను. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకుని విన్నాడు. రిక్షా వచ్చి నిలబడింది. ఆయన లేవలేదు. రిక్షావాణ్ణి ఆగమని చేత్తో సైగ చేశాడు.

"మల్ల చెప్పు," అన్నాడు.

మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.